తామరతూడు మెట్లు

"నీతిమాలిన మనిషి చేతిలో పడి మంచి కట్టడం చెడిపోతే, దోషం ఎవరిది గురువుగారూ?" అని అడిగాడు త్రినాథ్.

నలభై ఏళ్లు నీళ్ల ట్యాంకులు కట్టిన గవరయ్య మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నవాడు అతను. సొంతంగా గీసి కట్టించిన మొదటి ట్యాంకు తామరమొగ్గలా ఉందని ఊరంతా మెచ్చుకుంది. ఇప్పుడు ఆ నీళ్లు తాగి రెండు వీధుల జనం వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. ఆపరేటర్ పోలినాయుడు బ్లీచింగ్ కలపకుండానే కలిపానని చెబుతున్నాడని తేలింది. అతని ఉద్యోగం తీసెయ్యమని రాసిన ఫిర్యాదు త్రినాథ్ జేబులో ఉంది. రెండు రోజులుగా అతనికి కూర్చుంటే నిలకడ లేదు, పడుకుంటే కునుకు లేదు.

మేస్త్రి చెప్పులు తొడుక్కుని, "పద. ఇవాళ బ్లీచింగ్ నువ్వే కలుపుదువు గాని," అన్నాడు.

ట్యాంకు దగ్గర పోలినాయుడు తల వంచుకుని, బ్లీచింగ్ కరిగించిన బకెట్ తెచ్చి ముందు పెట్టాడు.

"పైకెల్లి పొయ్యాల బాబూ. మెట్లు మీకు తెలిసినవే గదా."

ట్యాంకును మోసే గుండ్రటి స్తంభం లోపలే ఉన్నాయి మెట్లు. బయటికి తామరతూడులా నున్నగా కనబడాలని త్రినాథ్ దానికి ఒక్క కిటికీ కూడా పెట్టలేదు. ఇరుకు మెలికల్లో బకెట్ గోడకు కొట్టుకుని తొణికింది. మూడో మెలిక తిరిగేసరికి ఘాటు కళ్లలోకి, గొంతులోకి దిగింది. ఇంకా సగం దూరమైనా ఎక్కలేదు. ఊపిరాడక బకెట్ అక్కడే వంచేసి, గోడ తడుముకుంటూ కిందికి వచ్చాడు.

"కలిపినారా బాబూ?"

"కలిపాను," అన్నాడు త్రినాథ్. ఆలోచించేలోపే ఆ మాట నోరు దాటిపోయింది.

అతని వెనక తెల్లటి నీళ్లు మెట్టుమెట్టుకూ జారి గడప దాకా వచ్చాయి. ముగ్గురూ చూశారు.

"తొలిరోజు నేనూ అదే మాటన్నాను బాబూ," అన్నాడు పోలినాయుడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

మేస్త్రి మెట్లు కడిగించి, మరో బకెట్ కలిపించాడు. పోలినాయుడు తాడు ఒక్కటే పట్టుకుని పైకెక్కి కిందికి వదిలితే, బకెట్‌ను బయటినుంచే పైకి లాగించాడు. ఆ పూటకు నీళ్లు తాగే నీళ్లయ్యాయి.

త్రినాథ్ జేబులోంచి ఫిర్యాదు తీసి చింపబోయాడు. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"చింపకు. అతని పేరు ఉండాల్సిందే. దానికి పైన ఇంకో పేరుకు కాస్త చోటుందేమో చూడు."