ఏడు నీళ్లు

నరహరి సార్ దగ్గరికి ప్రశ్నతో వెళ్తే జవాబు కంటే ముందు చాయ్ వచ్చేది. తాగిన గ్లాసు ఎవరిది వాళ్లే కడగాలి. ఓరుగల్లులో సూక్ష్మజీవుల శాస్త్రం చదివినవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆ రోజు సుచరిత మాత్రం చాయ్ ముట్టలేదు.

"యూనివర్సిటీ ఉంది, చదువుకున్న పిల్లలున్నరు, సర్కారు షెడ్లు కూడ ఇచ్చింది. మరి మన ఊళ్ల ఒక్క బయో కంపెనీ ఎందుకు నిలబడ్తలేదు సార్?"

అడిగింది ఊరి గురించే గానీ గొంతులో వణికింది సొంత కంపెనీ. సార్ ల్యాబులో తాను పెంచిన బ్యాక్టీరియాతో కంది రైతులకు జీవన ఎరువు తయారు చేద్దామని బయల్దేరిన పిల్ల. మూడు విడతల బ్యాక్టీరియా పెరగకముందే చచ్చింది. విత్తనాలేసే మిరుగం కార్తె దగ్గర పడింది. విత్తనం నేలలో పడ్డాక ఆ ఎరువు ఎవరికి కావాలి? నాలుగోదీ పోతే షెడ్డుకు తాళమే.

సార్ వాదనలోకి దిగలేదు. రేపు కొమురమ్మను తీసుకొస్తానన్నారు, అంతే.

సుచరిత తల వంగింది. కొమురమ్మ ముప్పై ఏళ్లు ఆ ల్యాబులో గాజుసామాను కడిగిన మనిషి. రిటైరయ్యాక, నన్ను గూడ తీస్కపో బిడ్డా అని నోరు విడిచి అడిగింది. అక్కడ మిషన్ కడుగుతదమ్మా అని నవ్వేసి వచ్చింది సుచరిత. బ్యాక్టీరియా కల్చర్ తెచ్చుకుంది, సార్ నోటుపుస్తకాలు తెచ్చుకుంది, ఇద్దరు జూనియర్లనూ వెంటేసుకొచ్చింది. ఆమెను మాత్రం వదిలేసింది. శ్రమ విలువ మీద డిబేట్లలో చప్పట్లు కొట్టించుకున్న నోరే అది.

మర్నాడు కొమురమ్మ షెడ్డుకు వచ్చి, మిషన్ కడిగిన తళతళలాడే ఒక సీసాలో గుక్కెడు నీళ్లు పోసి, అరచేత్తో మూసి ఊపింది. వెలుతురుకు ఎత్తి చూపింది. అంచు చుట్టూ సన్నటి నురగ.

"సబ్బు పోలే బిడ్డా. ఏడు నీళ్లు పొయ్యకుంటే నీ పురుగులెట్ల బతుకుతయ్?"

నీళ్లు దండగని, మిషన్‌కు రెండు నీళ్లు చాలని పెట్టింది సుచరితే. కరెంటును తిట్టింది, మందులమ్మినవాణ్ని తిట్టింది, సీసావైపు ఒక్కసారీ చూడలేదు.

"ఇక్కడే ఉంటవా అమ్మా?" అంది, ఆ ముడతల చేతులు పట్టుకుని.

"పిలిస్తే ఉండనా? నీ మిషన్ అలుగుతదేమో చూస్కో."

ఐదో రోజుకు సీసాల్లో బ్యాక్టీరియా పెరిగి ద్రావణం గంజిలా చిక్కబడింది. సార్ చూడ్డానికొచ్చారు. సుచరిత ముఖం వెలిగిపోతోంది. ఈసారి తనే చాయ్ ఇచ్చి, గ్లాసు కడిగి, మళ్లీ ప్రశ్న వేసింది: "ఇంక ఏమేం తేవాలె సార్, ఈ కంపెనీ నిలబడాలంటే?"

సార్ కొమురమ్మ వైపు చూశారు. ఆమె సింకు దగ్గర ఆరో నీళ్లు పారబోసి ఏడోది పడుతోంది.

"సింకు నీ ఎత్తుకు కట్టించినవు సుచరితా," అన్నారు మెల్లగా. "ఆమె మునివేళ్ల మీద నిలబడ్తున్నది."