తాతగారి మరక

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ఒక రేవు పట్నం, ఆ పట్నంలో ఒక పాత లోగిలి, ఆ లోగిలి చావడిలో పడమటి గోడ మీద ఒక మరక.

కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున, గుండ్రంగా, నూనె రంగులో ఉండేది ఆ మరక. ఇంటి యజమాని గురవశెట్టి ధాన్యం వ్యాపారి. అతని తాత కన్నమశెట్టి ఆ గోడకు చేరగిలబడి నలభై ఏళ్ళు వ్యాపారం చేశాడనీ, ఆయన తలనూనె గోడలోకి ఇంకి ఆ మరక పడిందనీ ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. గురవశెట్టి తండ్రి కొట్టుకు వెళ్ళేముందు దానికి దండం పెట్టేవాడు. గురవశెట్టీ పెట్టేవాడు. పండగలకు అతని భార్య అచ్చమాంబ మరక చుట్టూ పసుపు గీత గీసేది. ఏటా ఆ గీత కాస్త పెద్దదిగా గీయవలసి వచ్చేది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఒకనాడు కోట నుంచి కబురు వచ్చింది. రాజుగారి ధాన్యపు కొఠార్లకు కొత్త అధికారి కావాలి. మంత్రి ముగ్గురు వర్తకులను ఎంచాడు. ముగ్గురి ఇళ్ళకూ స్వయంగా వచ్చి చూస్తాడు. గురవశెట్టి ఇంటికి వచ్చేది సరిగ్గా నెల రోజులకు. ఆ పదవి మీద అతనికి ఇరవై ఏళ్ళుగా మనసు.

అతను చావడిని కలయజూశాడు. నేల గచ్చు పెచ్చులు లేచి ఉంది. స్తంభాలు మసిబారాయి. ఉయ్యాల బల్ల గొలుసులకు తుప్పు పట్టింది. ఇన్నాళ్ళూ బాగానే ఉందనుకున్న ఇల్లు ఆ పూట పాతదై కనిపించింది.

పనివాళ్ళు దిగారు. నేలకు కొత్త గచ్చు వేశారు, స్తంభాలకు నూనె పట్టించారు, వసారాకు కొత్త పెంకు కప్పారు. చావడి తేరుకుంది. మరక ఒక్కటే మిగిలింది. ఇంటివాళ్ళకు అది తాతగారు. మంత్రికి మాత్రం మురికి.

"తాతగారిని చెరపొద్దు, కప్పుదాం" అంది అచ్చమాంబ.

ముందు సున్నం వేసే చిన్నప్ప వచ్చాడు. మూడు పూతలు వేశాడు. గోడ పాలలా తెల్లబడింది. నాలుగోనాడు మరక మళ్ళీ తేలింది. పెద్దాయన ఇల్లు వదలనంటున్నాడండీ అని చిన్నప్ప తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

తరువాత వడ్రంగి సోమాచారి వచ్చాడు. టేకు పలక మీద నెమళ్ళు చెక్కి, మరక మీద బిగించాడు. వారం తిరిగేసరికి పలక ఉబ్బింది. ఒక నెమలి మెడ దగ్గర నిలువునా చీలింది.

మూడోవాడు తాపీ మేస్త్రి ఎల్లమంద. ముసలివాడు, మాట పొదుపు. అతను ముందు పలక ఊడదీయించాడు. గోడ మీద చెంబుతో నీళ్ళు చిలకరించాడు. నూనె మరక అయితే నీళ్ళు జారిపోవాలి. ఇవి ఇంకిపోయాయి. మరక అంచున తెల్లటి పొడి ఉంది. వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పగా తగిలింది.

"అయ్యా, ఇది నూనె కాదు, చెమ్మ" అన్నాడు. "మిద్దె మీది వాన నీళ్ళు దింపే మట్టి గొట్టం ఈ గోడలోనే ఉంది. అది ఎక్కడో పగిలింది. పైన దూలం కొస కూడా ఈ గోడ మీదే ఆనింది. అది ఎంత మిగిలిందో గోడ విప్పితే గాని తెలియదు."

గురవశెట్టికి కోపం వచ్చింది. మా తాతను పట్టుకుని చెమ్మ అంటావా అన్నాడు. కాసేపటికి తమాయించుకుని, మంత్రి వచ్చేలోగా పని అవుతుందా అని అడిగాడు. మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పాడు. గొట్టం మార్చాలి, దూలానికి అతుకు వేయాలి, గానుగలో ఆడించిన సున్నంతో గోడ కట్టాలి, అది ఆరాలి. నలభై రోజులు. మంత్రి రావడానికి ఇంకా పదిహేనే ఉన్నాయి.

"ఇప్పటికి పైపైన పూసి ఇవ్వు, మేస్త్రీ. ఆయన వెళ్ళాక విప్పుదువు."

"పూత కావాలంటే చిన్నప్పను పిలవండి. ఆ దూలం కింద మంత్రిగారినే కాదు, మీ ఇంటి పిల్లిని కూడా నేను కూర్చోబెట్టను."

ఈ మాటలు విని గురవశెట్టి నాయనమ్మ మంగమ్మ కర్ర పట్టుకుని చావడిలోకి వచ్చింది. కన్నమశెట్టి భార్య ఆమే. తొంభై ఏళ్ళు. గొడవ ఏమిటో అడిగి తెలుసుకుంది.

"మీ తాతది బట్టతలరా. నూనె దేనికి రాస్తాడు? పైగా ఆయన ఈ గోడకు ఆనుకుని ఏనాడూ కూర్చోలేదు. వీధిలో బళ్ళు కనపడతాయని ఆ తూర్పు గోడకు కూర్చునేవాడు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం, నాయనమ్మా?"

"నన్నెవరడిగారు? మీ నాయన మొదలుపెట్టాడు. దండం ఆయనకే కదా, గోడ ఏదైతేనేంలే అని ఊరుకున్నా."

గురవశెట్టి ఆ మరకకేసి చూశాడు. ఒకవైపు ఇరవై ఏళ్ళ ఆశ. ఒకవైపు ఇంటిల్లిపాదీ కూర్చుని అన్నం తినే చావడి. ఏటా పెద్దదవుతూ వచ్చిన పసుపు గీత గుర్తొచ్చింది. పోయినవాడి తలనూనె పెరగదు.

"విప్పు" అన్నాడు.

గోడ విప్పారు. గొట్టం నిలువునా పగిలి ఉంది. దూలం కొసను ఎల్లమంద పిడికిట పట్టి నలిపితే తడి పొట్టులా రాలింది. అతను దాని కింద ఆసరాగా పోటు కర్రలు పెట్టించి పని మొదలుపెట్టాడు.

చెప్పిన రోజుకు మంత్రి వచ్చాడు. పడమటి గోడకు నిలువెత్తు కంత ఉంది. దాని పక్కన సున్నం కుప్ప, ఇటుకలు. గురవశెట్టి తూర్పు గోడ దగ్గర ఆసనం వేయించాడు. ఏమిటిదంతా అని మంత్రి అడిగాడు. గురవశెట్టి ఏదీ దాచలేదు. దండాలు, పసుపు గీత, చీలిన నెమలి, తాత బట్టతల, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయాడు.

మంత్రి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. తరువాత కంత దగ్గరికి వెళ్ళి, దూలం కొసను తనూ నలిపి చూశాడు.

"మిగతా ఇద్దరి ఇళ్ళలో గోడలు అద్దాల్లా ఉన్నాయి, శెట్టీ. లోపమేదైనా ఉందా అంటే లేదన్నారు. పాత అధికారీ అంతే. కొఠారు గోడకు చెమ్మ పడితే సున్నం కొట్టించి నాకు చూపించాడు. దాని వెనక మూడు గాదెల వడ్లు మొలకెత్తాయి. నాకు తెల్లటి గోడలు అక్కర్లేదు. గోడ విప్పి చూసేవాడు కావాలి."

పదవి గురవశెట్టికి దక్కింది. మొదటిరోజు కొఠార్లోకి తనకంటే ముందు ఎల్లమందను పంపాడు, చేతిలో నీళ్ళ చెంబుతో.

నలభయ్యోనాటికి చావడి గోడ తెల్లగా, పొడిగా నిలిచింది. పండగ నాడు అచ్చమాంబ పసుపు గిన్నె పట్టుకుని, ఎక్కడ గీయాలో తోచక నిలబడింది. మంగమ్మ కర్రతో తూర్పు గోడ చూపించింది. అక్కడ మరకేమీ లేదు. అచ్చమాంబ చిన్న గీత గీసింది. మరుసటి ఏడూ అది అంతే ఉంది.

కప్పిన లోపం పెరుగుతుంది, విప్పి చూసిన లోపమే బాగుపడుతుంది.