బోర్లించిన ముంత

అనగనగా ఒక రేవుపట్నం. అక్కడ సముద్రం ఎంత ఉప్పగా ఉండేదో, షావుకార్ల మాటలు అంత తియ్యగా ఉండేవి. వాళ్ళందరిలోకీ పెద్దవాడు నాగసెట్టి. అతని అద్దకపు శాలలో బట్టలకు రంగులద్ది, ఓడలకెక్కించి పరదేశాలకు పంపేవారు. అది ఎంత పెద్ద శాలంటే, నీలి కాగుల దగ్గర పనిచేసేవాడికి ఏటి ఒడ్డున బట్టలుతికేవాడు ఎవరో తెలియదు. సెట్టికి ఇద్దరూ తెలియరు.

శాల వాకిట్లో పొడవాటి అరుగు ఉండేది. దానిమీద వరసగా మట్టి ముంతలు, మనిషికొకటి. మధ్యాహ్నం కాగానే వంటమనిషి ఎర్రమ్మ గరిటె పట్టుకుని వచ్చి అన్నిటిలోనూ అంబలి పోసేది. ఎవరికైనా జ్వరమొచ్చినా, ఎవరైనా ఊరెళ్ళినా, ఆ పూట వాళ్ళ ముంత బోర్లించి పెట్టేది. అంబలి వృథా కాకూడదని నాగసెట్టి తండ్రి పెద్దసెట్టి నాడు పెట్టిన అలవాటు అది.

వరసలో మొదటి ముంత యజమానిది. పెద్దసెట్టి రోజూ అందరితో కూర్చుని తాగేవాడు. కొడుకు నాగసెట్టి మేడ దిగడు. అయినా ఎర్రమ్మ ఆ ముంతలో అంబలి పోస్తూనే ఉండేది. దాన్ని ఒక గండుపిల్లి తాగి పోతూ ఉండేది.

ఒక ఏడు తుపానులో సెట్టి ఓడ మునిగిపోయింది. సెట్టి గుండెల్లో రాయి పడింది. గుమాస్తా కుశలయ్యను మేడమీదికి పిలిచాడు.

“కొందరిని పనిలోంచి తీసెయ్యక తప్పదు. ఎవరిని తీసేద్దాం?”

“దానికేముందండీ! తమకు పేరు తెలియనివాళ్ళంతా అక్కర్లేనివాళ్ళే.”

“నిజమే సుమా! మరి చెప్పేదెవరు? ఏడుస్తారు. ఎందుకని అడుగుతారు. నాదసలే మెత్తని మనసు.”

“చెప్పడమెందుకండీ? ముంత బోర్లిస్తే సరి. అర్థం చేసుకుని పోతారు.”

మెత్తని మనసుగల సెట్టి సరేనన్నాడు.

కుశలయ్య కిందికి వచ్చి, ఏయే ముంతలు బోర్లించాలో ఎర్రమ్మకు చూపించాడు.

“ఎందుకని అడిగితే ఏం చెప్పనయ్యా?” అంది ఎర్రమ్మ.

“ముంత మాట్లాడదు కదా! నువ్వూ మాట్లాడకు. నోరు మెదిపావో, రేపు నీ ముంతా బోర్లానే.”

ఎర్రమ్మ ఇంట్లో కళ్ళు కనపడని అత్త ఉంది. ఎర్రమ్మ తెచ్చే కూలితోనే ఇద్దరి కడుపులూ నిండాలి. నోరు మూసుకుంది.

మధ్యాహ్నం బట్టలుతికే అప్పన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తన ముంత చూసి పకపకా నవ్వాడు.

“ఓలమ్మో! ఎర్రమ్మక్కా, నేను బతికే ఉన్నానే! జ్వరం కూడా లేదు, కావాలంటే చెయ్యి పట్టుకు చూడు” అని ముంత తిప్పి చాపాడు.

ఎర్రమ్మ గరిటె ఎత్తింది. పొయ్యలేకపోయింది. అంబలిని తిరిగి కుండలోనే ఒంపేసింది. అప్పన్న ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తల దించుకుంది. అప్పుడు అతని నవ్వు ఆగిపోయింది. ముంత చంకన పెట్టుకుని ఏటివైపు వెళ్ళిపోయాడు. అతని వెనకే మరికొందరు వెళ్ళారు.

కొన్నాళ్ళకు రెండో ఓడ మునిగింది. సెట్టి మళ్ళీ గుమాస్తాను పిలిచాడు.

“ఈసారి ఎవరిని?”

“ఎందుకని అడిగినవాళ్ళని” అన్నాడు కుశలయ్య.

బట్టలమీద అచ్చులేసే నూకాలు, “అప్పన్న ఏం తప్పు చేశాడయ్యా?” అని కుశలయ్యను అంతకుముందే అడిగింది. మర్నాడు నూకాలు ముంత బోర్లాపడింది. ఆమె పక్కన నిలబడి తలూపినవాళ్ళ ముంతలూ బోర్లాపడ్డాయి.

ఇక శాలను భయం పట్టుకుంది. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకోకముందే జనం అరుగు దగ్గరికి పరుగెత్తేవారు. ముంత నిటారుగా ఉంటే ఊపిరి పీల్చుకునేవారు. పక్కవాడిది బోర్లాపడి ఉంటే, అయ్యో అనడానికి కూడా జంకేవారు. దగ్గొస్తే మింగేసేవారు. కాగులో రంగు మాడిపోతున్నా, చూసినవాడు చూడనట్టే పోయేవాడు. రంగు మాడిందని చెబితే, చెప్పినవాడి ముంతే బోర్లిస్తారేమోనని వాళ్ళ బెంగ. అంత పెద్ద శాలలో నీళ్ళ చప్పుడు తప్ప మనిషి గొంతు లేదు.

మూడోసారి ఏ ఓడా మునగలేదు. కుశలయ్య ఎవరినీ తీసెయ్యమనలేదు. కానీ ఒక పొద్దున్న నీలి కాగుల తవిటయ్య వచ్చేసరికి అతని ముంత బోర్లాపడి ఉంది. ఇంటిదగ్గర పెళ్ళాం చంకలో పసిపిల్ల ఉంది. ఇంట్లో నూకలు కూడా లేవు. ఎవరినీ ఏమీ అడగలేదు. ముంత కూడా తీసుకోకుండా తిరిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అంబలి పోయడానికి వచ్చి ఎర్రమ్మ నివ్వెరపోయింది. ఆ ముంత ఆమె బోర్లించలేదు! పక్కనే యజమాని ముంత చుట్టూ నిన్నటి అంబలి ఒలికి ఆరిపోయి ఉంది. అంబలిలో పిల్లి అడుగులు ఉన్నాయి. గండుపిల్లి మూతి నాక్కుంటూ అరుగు చివర కూర్చుని ఉంది. అది దూకిన దూకుడికి పక్క ముంత దొర్లి మూతి కిందికి పడిందని ఆమెకు అర్థమైంది.

ఎర్రమ్మ గరిటె పారేసి పరుగెత్తింది. తవిటయ్య ఇంటికి తాళం వేసి ఉంది. రేవుకు పరుగెత్తింది. పరదీవులకు కూలీలను తీసుకుపోయే ఓడ అప్పటికే తెరచాపలెత్తి చాలా దూరం పోయింది. ఒడ్డునున్న ముసలి జాలరి చెప్పాడు: “పెళ్ళాన్నీ పిల్లనీ ఎక్కించుకుని పోయాడమ్మా. ఒక్కమాట అడగరాదా అన్నాను. అడిగినవాళ్ళకి ఏమైందో తెలీదా తాతా అన్నాడు.”

ఆ దీవులకు పోయినవాళ్ళు తిరిగి వచ్చిన దాఖలా లేదు. ఎర్రమ్మ ఇసుకలో కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. తరవాత లేచి కళ్ళు తుడుచుకుంది. శాలకు వచ్చి, వరసలో మొదటి ముంత తీసి బోర్లించింది.

చూసినవాళ్ళు పని వదిలి అరుగు దగ్గర మూగారు. యజమాని ముంత బోర్లాపడింది! కుశలయ్య అయితే ముందుగా తన ముంత నిటారుగా ఉందో లేదో చూసుకున్నాడు.

కబురు మేడెక్కింది. సెట్టి తింటున్న కంచం పక్కకు నెట్టాడు. ఎవరు బోర్లించారు? ఇంకో ఓడ మునిగిందా? రాజుగారికి కోపం వచ్చిందా? కిటికీలోంచి తొంగిచూస్తే అందరి మొహాలూ తనవైపే ఉన్నాయి. ఒక్కరూ మాట్లాడటం లేదు. తండ్రి పోయాక మొదటిసారి మేడ దిగాడు.

“ఎర్రమ్మా, ఏమైంది? ఎవరు బోర్లించమన్నారు?”

ఎర్రమ్మ పలకలేదు.

“చెప్పవే తల్లీ! ప్రాణం పోతోంది!”

“ముంత మాట్లాడదు కదయ్యా. నన్నూ మాట్లాడొద్దన్నారు.”

సెట్టి అరుగుమీద చతికిలపడ్డాడు. అప్పుడు ఎర్రమ్మ తవిటయ్య సంగతంతా చెప్పింది.

“మీ ముంత బోర్లించింది నేనే. ఈ కాసేపు మీకు పట్టిన భయం వీళ్ళకు రోజూ ఉందయ్యా. నన్ను తీసెయ్యండి, పోతాను. కానీ నా మొహం చూసి, మీ నోటితో చెప్పండి.”

సెట్టి ఆమె మొహంలోకి చూశాడు. పొమ్మని చెప్పలేకపోయాడు. తన ముంత తనే తిప్పి, “అంబలి పొయ్యి” అన్నాడు.

ఆ తరవాతా తుపానులొచ్చాయి, ఓడలు మునిగాయి, కొందరిని పంపక తప్పలేదు. అప్పుడల్లా సెట్టి మేడ దిగి, పేరు పెట్టి పిలిచి, ఎందుకో చెప్పి, వేరే పని దొరికేదాకా అంబలి ఆగదని మాట ఇచ్చేవాడు. వాళ్ళు ఏడ్చేవారు, తిట్టేవారు. సెట్టి తల వంచుకుని వినేవాడు. పొద్దున్నే ముంతల దగ్గరికి పరుగెత్తేవాళ్ళు మాత్రం మళ్ళీ కనబడలేదు.

ఎర్రమ్మ బతికున్నన్నాళ్ళూ తవిటయ్య ముంతను నిటారుగానే ఉంచి, రోజూ అంబలి పోసింది. తవిటయ్య రాలేదు.

పనిలోంచి పంపడం ఒక్కోసారి తప్పకపోవచ్చు. మొహం చూసి చెప్పలేక ముంత చేత చెప్పించడం మాత్రం ఎప్పటికీ తప్పే.