పదిహేను వాట్లు

మృత్యుంజయ శాస్త్రిగారికి ప్రశ్న అడిగినచోటే జవాబు చెప్పే అలవాటు లేదు. కొవ్వూరులో తన ఇంటి ముందు గదిలో ఆయన తర్కశాస్త్రం చెప్పేవారు. ఎవరైనా సందేహం అడిగితే అది పుట్టిన చోటికి తీసుకెళ్ళమనేవారు. అలా గోదావరి గట్టు మీద నిలబడ్డారు, రైల్వే గేటు దగ్గర నిలబడ్డారు. ఒకసారి శిష్యుడి ఇంటి హాల్లో, గోడకు తగిలించిన చిన్న తెర ముందు నిలబడవలసి వచ్చింది.

ఆ శిష్యుడి పేరు పద్మనాభం. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఉదయమే పాఠం విని, ఆ తరువాత కాలేజీకి వెళ్ళేవాడు. ఆ రోజు పుస్తకం తెరవకుండానే అడిగాడు.

“గురువుగారూ, యంత్రం ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతోంది. యంత్రాన్ని పరీక్షించాను, అందులో తప్పులేదు. మనిషిని ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఎరుగుదును. దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి?”

“ఎవరా మనిషి?”

“మా అత్తయ్య.”

పద్మనాభానికి పసితనంలోనే తల్లి పోతే, మేనత్త వర్ధనమ్మ పెంచింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. కరెంటు ఎక్కడ వృథా అవుతోందో చూద్దామని అతనొక మానిటర్ కొనుక్కొచ్చాడు. మెయిన్ తీగకు ఒక క్లిప్పు తగిలిస్తే, ఇల్లంతా కలిసి ఆ క్షణాన ఎన్ని వాట్లు లాగుతోందో హాల్లో ఉన్న తెర మీద కనిపిస్తుంది. తెర నడిచేది బ్యాటరీతో. ఇస్త్రీపెట్టె, ఫ్యాను, బల్బు ఒక్కొక్కటే వేసి చూశాడు. అంకెలన్నీ సరిపోయాయి. కానీ అన్నీ కట్టేసినా తెర సున్నాకు రాలేదు. పదిహేను దగ్గర ఆగి, అక్కణ్ణుంచి కదలనంది. ఆ ఇంట్లో ఫ్రిజ్జు కూడా లేదు. వర్ధనమ్మకు నిలవ వంట గిట్టదు.

“అత్తయ్యా, వంటింట్లో ఏమైనా వేసి ఉందా?”

“లేదురా. అన్నీ ఆర్పేశాను.”

వారమంతా అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి పక్కింటివాళ్ళు వింటూండగా అతను, “యంత్రం అబద్ధం చెప్పదత్తయ్యా” అన్నాడు.

“అయితే చెప్పేది నేనన్నమాట. ఇంట్లో ఇంకెవరున్నారు గనక!” అందామె.

ఆ తరువాత ఆమె అతనితో మాట్లాడలేదు. వేళకు వండింది, వడ్డించింది. పాలకొల్లులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని పక్కింటావిడ చేత చెప్పించింది. ప్రయాణం ఈ సాయంత్రమే. గడప దాటితే మళ్ళీ వచ్చే మనిషి కాదని పద్మనాభానికి తెలుసు.

శాస్త్రిగారు అంతా విన్నారు. “ఆమె మీద నీది ఏ అనుమానమోయ్? శాస్త్రంలోదా, సంసారాల్లోదా?” అని అడిగారు.

తర్కంలో అనుమానమంటే పొగను చూసి నిప్పుందని గ్రహించడం. ఇళ్ళల్లో ఆ మాటకు అర్థం వేరు. పద్మనాభం తల వంచుకున్నాడు. శాస్త్రిగారు చెప్పులు వేసుకున్నారు.

వీళ్ళు వెళ్ళేసరికి వర్ధనమ్మ చీరలు మడతపెడుతోంది. శాస్త్రిగారిని చూసి లేచి నిలబడింది.

“రండి శాస్త్రిగారూ. నా అబద్ధం తేల్చడానికి వీడు పండితసభే పెట్టించాడన్నమాట!”

“సభ కాదమ్మా. వీడు కొన్న యంత్రం చూసి పోదామని వచ్చాను. ఒక్కసారి ఇంట్లోవన్నీ ఆర్పుతారా?”

ఆమె మారు మాట్లాడకుండా గది గదికీ వెళ్ళి వచ్చింది. స్విచ్చుల చప్పుడు ఒకటొకటే వినిపించింది. తెర మీద అంకె దిగుతూ వచ్చింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి. అప్పటిదాకా ఆ మోత కింద దాగి ఉన్న నిశ్శబ్దం హాల్లోకి వచ్చి కూర్చున్నట్టయింది. అంకె పదిహేను దగ్గర నిలిచింది.

శాస్త్రిగారు కళ్ళజోడు సవరించుకుని తెర దగ్గరగా వంగారు. చాలాసేపు అలాగే ఉన్నారు. ఈ వయసులో ఆయన దేన్నీ అంత శ్రద్ధగా చూడగా పద్మనాభం ఎరగడు.

“ఎక్కడో నిప్పుంది” అన్నారు మెల్లగా. “పొగ లేదు, వాసన లేదు. గోడల అవతల ఉన్నదాన్ని ఇది ఇక్కణ్ణుంచే పట్టుకుంది.” ఆయన గొంతులో ఎగతాళి లేదు. వర్ధనమ్మ వైపు తిరిగి, “అన్నీ ఆర్పారా అమ్మా?” అన్నారు.

“ఆర్పేశానండి.”

“మంచిది. ఆర్పకూడనిది ఏమైనా ఉందా ఇంట్లో?”

ఈ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కొంచెం ఆలోచించింది.

“ఆర్పకూడనిదంటే దేవుడి దగ్గర దీపం. అది కూడా లెక్కలోకి వస్తుందా శాస్త్రిగారూ? జీరో బల్బు కదా. పేరులోనే సున్నా ఉంది.”

“ఏ దీపం?” అన్నాడు పద్మనాభం.

ఆమె వంటింట్లోకి దారితీసింది. మూలనున్న దేవుడి అలమర తలుపులు తీసేది ఆమె ఒక్కతే. తీసింది. లోపల ఇత్తడి విగ్రహం వెనక ఎర్రటి చిన్న బల్బు వెలుగుతోంది.

పద్మనాభానికి చిన్నతనంలో జ్వరం వచ్చి, డాక్టర్లు ఆశ వదులుకున్న రోజున వర్ధనమ్మ దేవుడి ముందు నూనె దీపం పెట్టి, వీడున్నన్నాళ్ళూ అది వెలుగుతుందని మొక్కుకుంది. అతనికి ఆ సంగతి తెలుసు. చాలా ఏళ్ళ తరువాత ఒకరోజు ఆ దీపం నుంచి ఆమె కొంగు అంటుకుంది. ఇక ఈ ఇంట్లో నూనె దీపం పెట్టడానికి వీల్లేదని అతను గట్టిగా చెప్పాడు. దానితో మొక్కు ముగిసిందనుకున్నాడు. మళ్ళీ అడగలేదు. వర్ధనమ్మ ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది.

“నూనె వద్దన్నావు. దీపం వద్దనలేదుగా?”

“మరి కరెంటు పోతే?”

“అప్పుడు నీ మాట వినను” అంటూ విగ్రహం పక్కనున్న ప్రమిద చూపించింది. శాస్త్రిగారు పైకే నవ్వారు.

“అడిగినప్పుడు చెప్పవేం అత్తయ్యా?”

“ఏమని అడిగావురా? అన్నీ ఆర్పావా అన్నావు. నీ పేర పెట్టిన దీపానికి ఆ మాట ఎలా తగిలించను? అది నా తలపుకే రాలేదు.”

వాళ్ళ ఇళ్ళల్లో దేవుడి దీపం కొండెక్కిందంటారు. ఆర్పడమన్న మాట నోట రానివ్వరు. పద్మనాభమూ ఎన్నడూ అనలేదు. కానీ తెర ముందు నిలబడ్డప్పుడు ఇంట్లో వెలిగే వాటన్నిటికీ ఒకే మాట వాడాడు.

“తర్కంలో పని సగంలో వదలకూడదోయ్” అన్నారు శాస్త్రిగారు. “అదిగో స్విచ్చి. అది కట్టేస్తే తెర సున్నాకు రావాలి. వస్తేనే ఈ పదిహేనూ దీపానిదని తేలుతుంది. కానివ్వు.”

వర్ధనమ్మ వద్దనలేదు. పక్కకు తప్పుకుని గోడవైపు చూస్తూ నిలబడింది. పద్మనాభం చెయ్యి అలమరలోకి చాచాడు. బల్బు వేడి వేళ్ళకు తగిలింది. నిద్రపోతున్న పసివాడి ఒంటికి ఉండేపాటి వేడి. తను కాలేజీలో పాఠం చెబుతున్నప్పుడు, ఊళ్ళు తిరుగుతున్నప్పుడు, ఈమె మీద విసుక్కుంటున్నప్పుడు ఈ మూసిన తలుపుల వెనక ఇది ఇలాగే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“అక్కర్లేదు గురువుగారూ.”

“రుజువు లేకుండానే?”

వర్ధనమ్మ అలమర తలుపులు మూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఈ ఉక్కలో ఆయన్ని అలా నిలబెట్టావేంరా? వెళ్ళి ఫ్యాను వెయ్యి. మధ్యాహ్నం భోజనం ఇక్కడే శాస్త్రిగారూ. వంకాయ కూర చేస్తాను, వీడికీ ఇష్టమే.” పాలకొల్లు మాట ఆమె ఎత్తలేదు.

పద్మనాభం హాల్లోకి వచ్చి స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరగడం మొదలైంది. తెర మీద పదిహేను పోయి తొంభై వచ్చింది. వెనకే వచ్చిన శాస్త్రిగారు మళ్ళీ తెర ముందు ఆగారు.

“నీ పదిహేను ఏదోయ్?”

“ఇందులోనే ఉంది గురువుగారూ.”

“కనబడటం లేదే!”

పద్మనాభం ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయాడు.

“ఇన్నాళ్ళూ అలాగే ఉంది, నాయనా” అన్నారు శాస్త్రిగారు.