చేప లేని ఏడాది చాప

అనగనగా ఒక సరస్సు. ఎంత పెద్దదని అడగకండి. ఈ ఒడ్డున నిలబడి కేక వేస్తే ఆ ఒడ్డుకు వినపడదు, అంతే.

దాని పక్కనే ఒక జాలరి పల్లె ఉండేది. పల్లెకంతటికీ వలలు అల్లేది మరిడమ్మ అనే అవ్వ. ఆమె అల్లిన వలలో ప్రతి కన్నూ మూడు వేళ్ళు పట్టేంత ఉండేది. పెద్ద చేప చిక్కేది, పిల్ల చేప జారిపోయేది.

ఒకనాడు ధనగుప్తుడనే వర్తకుడు పట్నం నుంచి వచ్చాడు. పడిన చేపలన్నీ తానే కొంటానన్నాడు. పల్లె సంబరపడింది. ఆ ఏడాది అందరి ఇళ్ళూ కళకళలాడాయి.

రెండో ఏడాది వర్తకుడు మరిడమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"అవ్వా, వల కన్ను రెండు వేళ్ళకు తగ్గించు. జారిపోయేదంతా నష్టమే కదా!"

"జారిపోయేది వచ్చే ఏడాది చేప, అయ్యా. నేను అల్లను" అంది మరిడమ్మ.

వర్తకుడు పట్నం నుంచే వలలు తెప్పించాడు. మునుపెన్నడూ లేనంత చేప పడింది. "అవ్వకు చూపు మందగించింది, సన్న కన్ను అల్లలేక సాకులు చెబుతోంది" అని పల్లె నవ్వింది. ఆమె వలలు కొనేవాళ్ళే లేకపోయారు. పాపం, మరిడమ్మ గంజినీళ్ళతోనే రోజులు వెళ్ళదీసింది.

మూడో ఏడాది ఒక వేలి కన్ను వలలు వచ్చాయి. పిల్ల చేపలు కూడా ఎండి బండ్లెక్కాయి.

నాలుగో ఏడాది వలలో నాచు తప్ప ఏమీ పడలేదు. ధనగుప్తుడు బండి కట్టించాడు.

"మా గతేమిటి, దొరా?" అన్నాడు పల్లెపెద్ద సింహాద్రి.

"నాకు సరస్సులకు కరువా?" అని వర్తకుడు వెళ్ళిపోయాడు. పల్లెకు మాత్రం ఉన్నది ఒక్కటే సరస్సు.

సింహాద్రి తల దించుకుని మరిడమ్మ దగ్గరికి వెళ్ళాడు. "తప్పయిపోయింది, అవ్వా. ఊరు వదిలి పోదామనుకుంటున్నాం."

మరిడమ్మకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగి చెప్పింది.

"ఒడ్డున తుంగ దుబ్బుల్లోకి మీ వలలు దూరలేదు. అక్కడ కాసిని చేపలు బతికే ఉన్నాయి. రెండేళ్ళు వాటి జోలికి వెళ్ళకండి."

"మరి తినేదేమిటి?"

"చేప లేకపోతే చాప! తుంగ కోయండి, అల్లడం నేను నేర్పుతాను."

పల్లె చాపలు అల్లింది. సంతలో అమ్మి నూకలు తెచ్చుకుంది. అర్ధాకలితోనే రెండేళ్ళు గడిచాయి. తుంగ కోసేటప్పుడు జాలర్లు ఒక వరస కోసి ఒక వరస వదిలేవారు. అలా చేయమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఆ మరుసటి ఏడాది సరస్సులో చేపలు ఎగిరిపడ్డాయి. ఆ వార్త విని ధనగుప్తుడు పరుగున వచ్చాడు. అతను పోయిన చోట సరస్సు కూడా ఖాళీ అయింది మరి!

"చేపలన్నీ నేనే కొంటాను. ధర రెట్టింపు!" అన్నాడు.

ఈసారి మరిడమ్మ నోరు విప్పాల్సిన పని లేకపోయింది. సింహాద్రే ముందుకు వచ్చాడు.

"పెద్దవి కొనుక్కోండి, దొరా. చిన్నవి మా మనవలవి. వాళ్ళింకా పుట్టలేదు, అడగకుండా ఎలా అమ్మేది?"

ప్రకృతి ఇచ్చే ఫలం తింటే ఏటా లాభమే, ఫలంతో పాటు విత్తనాన్నీ అమ్ముకుంటే అదే ఆఖరి లాభం.