నడిమి చోటు

అనగనగా, చలికాలంలో సూర్యుడు కూడా బద్ధకంగా లేచే ఒక కొండ అడవిలో ఐదు పిచ్చుకలు ఉండేవి. వాటికి మనలాగా దుప్పట్లు లేవు, కుంపట్లు లేవు. పొద్దు వాలగానే మద్దిచెట్టు కొమ్మ మీద వరుసగా, ఒకదాన్నొకటి ఆనుకుని, ఈకలు ఉబ్బించుకుని కూర్చునేవి.

నడుమ ఉన్నవాళ్ళకి వెచ్చన. చివర ఉన్నవాళ్ళకి ఒక పక్కంతా గాలి. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. నిన్న చివర కూర్చున్నవాళ్ళు ఇవాళ నడుమకి రావాలి. నిన్న నడుమ ఉన్నవాళ్ళు చివరకి పోవాలి.

గున్నడనే పిచ్చుకకి నడిమి చోటంటే ప్రాణం. ఒక సాయంత్రం చివర కూర్చునే వంతు వాడికి వచ్చింది. వాడు రెక్క వేలాడేసి, "అత్తా, రెక్క బెణికింది. ఈ ఒక్క రోజుకీ నడుమ ఉంటాను," అన్నాడు. రెక్క నిక్షేపంలా ఉంది.

"సరేలే నాయనా, నేను కూర్చుంటాను," అంది ముసలి నూకాలత్త. ముందురోజు చివర కూర్చున్నదీ ఆవిడే.

తెల్లారేసరికి నూకాలత్త చెట్టు కింద మంచులో పడి ఉంది. గున్నడు భోరుమన్నాడు. ఆ ఏడుపు నిజమే, పాపం. కానీ సాయంత్రం మళ్ళీ నడుమకే దూరాడు.

"అత్త కోసం ఏడ్చి ఏడ్చి నీరసం వచ్చింది," అన్నాడు.

మూడో రోజు సాకు కూడా చెప్పలేదు. అందరికన్నా ముందే వచ్చి నడుమ కూర్చున్నాడు. ఎర్రడు, సింగడు అనే అన్నదమ్ములు ముందురోజులాగే చెరో చివరా సర్దుకున్నారు. పొద్దున్న ఆ ఇద్దరూ లేవలేదు.

ఇక మిగిలింది గున్నడు, వాడి చెల్లెలు జాజి.

"చెల్లీ, ఇవాళ నువ్వు నడుమ కూర్చో," అన్నాడు గున్నడు. వాడికి సిగ్గేసింది. ఆ సిగ్గేదో మొదటి రోజే వేసి ఉంటే ఎంత బాగుండేది!

"ఇద్దరిలో నడుమ ఎక్కడుందన్నయ్యా?" అంది జాజి.

గున్నడు దాని మీద రెక్క కప్పాడు. ఒక్క రెక్క ఎంత గాలి ఆపుతుంది? తెల్లారాక పిలిస్తే జాజి పలకలేదు.

ఆ సాయంత్రం కొమ్మంతా గున్నడిదే. వంతు అడిగేవాళ్ళు లేరు. వాడు ఇటు జరిగాడు, అటు జరిగాడు. ఎక్కడ కూర్చున్నా చివరే.

నీతి: పక్కవాళ్ళు గాలికి అడ్డు కాస్తేనే మన చోటు వెచ్చగా ఉంటుంది. మన వంతు మనం కాయకపోతే ఆ పక్కవాళ్ళే మిగలరు.