చిమ్మిలి మీద పదిహేను నిషేధాలు

ఒకానొక రాజ్యం, పేరు కలువకొండ. దాన్నేలే రణభైరవ మహారాజుకి నూట ఎనిమిది బిరుదులు. అన్నీ ఆయన తనకు తానే ఇచ్చుకున్నవే లెండి. ఆయన వీధిలోకి వచ్చారంటే ముందు నడిచే వందిమాగధులు ఆ నూట ఎనిమిదీ గొంతు చించుకుని చదవాలి, జనం కదలకుండా నిలబడి వినాలి.

ఒకరోజు ఊరేగింపు అంగడివీధిలోకి తిరిగింది. వందిమాగధులు అరవయ్యో బిరుదు మీద ఉన్నారు. సరిగ్గా అప్పుడే గానుగ వెనక మూల నుంచి ఒక కేక లేచింది.

"చిమ్మిలమ్మా చిమ్మిలి! ఇప్పుడే దంచిన నువ్వుల చిమ్మిలి!"

ఆ గొంతు గవరమ్మది. నువ్వులు వేయించి, బెల్లంతో కలిపి రోట్లో దంచి, ఉండలు కట్టి అమ్ముకునే మనిషి. ఆమె చోటు గానుగ చాటున. కేక వేస్తే తప్ప అక్కడొక మనిషి కూర్చుందనే ఎవరికీ తెలియదు. కేక వినగానే జనమంతా రాజుగారికి వీపు చూపించి అటు తిరిగారు. ఇంకేముంది! రాజుగారి మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

సాయంత్రానికల్లా దండోరా మోగింది. "ఈ రాజ్యంలో పొగడ్త మహారాజుగారికి ఒక్కరికే! ఎవరూ ఏ సరుకునూ పొగడరాదహో! కేక వేయరాదహో!"

పెద్ద కొట్లవాళ్ళకేం, సరుకు గుమ్మంలోనే కనిపిస్తుంది. చిక్కొచ్చింది గవరమ్మకే. ఆ అంగడికి ఒక కట్టుబాటుంది. పున్నమినాడు పొద్దు వాలేసరికి ఎవరి బుట్ట ఖాళీ కాదో వాళ్ళ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. చూస్తే అమావాస్య రానే వచ్చింది. గవరమ్మ బుట్టలో పొద్దున ఎన్ని ఉండలో సాయంత్రమూ అన్నే.

కొలువులో కూర్మయ్య అని ఒకడున్నాడు. మనిషి బక్కపలచన, మాట మాత్రం మహా గట్టి. గవరమ్మ దగ్గర పాత గిరాకీ కూడాను. ఉండబట్టలేక సభలో లేచాడు.

"ప్రభూ, కేక లేకపోతే ఆ గవరమ్మ చోటు పోతుంది. దయచూడండి."

రాజుగారు సింహాసనం మీద వెనక్కి వాలారు. "నువ్వు మహా తెలివైనవాడివటగా? అయితే ఆమె నోరు మెదపకుండా, నువ్వు ఒక్క పొగడ్త మాట అనకుండా పున్నమికి ఆ బుట్ట ఖాళీ చేయించు. చేయలేకపోతే ఆమె చోటుతోపాటు నీ కొలువూ పోతుంది."

"చిత్తం" అన్నాడు కూర్మయ్య. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో మరి!

తిన్నగా వెళ్ళి గవరమ్మ బుట్ట పక్కన చతికిలబడ్డాడు. ఆమె లబోదిబోమంది. "ఏటి బాబూ, నా కోసం మీ కొలువు పణం పెట్టేశారా? చిమ్మిల్లో ఏముంది చెప్పుకోడానికి? నువ్వులు, బెల్లం. అంతే కదా!"

"నువ్వు రోటి దగ్గర నిలబడి చూస్తున్నావు గవరమ్మా. నేను బుట్ట దగ్గర కూర్చుని చూస్తాను. కొన్నవాళ్ళు ఏమంటారో విననీ."

సాయంత్రం దాకా వచ్చింది ఒక్కడు, పల్లకీ మోసే బోయీ. ఉండ తిని, అరచెయ్యి చూసుకుని నవ్వాడు. "ఈ నూనె కడుక్కోబుద్ధి కాదమ్మా!" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు కూర్మయ్య సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, నేరం జరిగింది. గవరమ్మ చిమ్మిలి తింటే చేతికంటిన నూనె కడుక్కోబుద్ధి కాదని ఒకడన్నాడు. ఇది పొగడ్తే కదా?"

"ముమ్మాటికీ పొగడ్తే! నిషేధించండి!" అన్నారు రాజుగారు. కూర్మయ్య దారికొచ్చాడని లోపల సంబరం.

ఇక్కడే ఉంది కిటుకు. ఆ రాజ్యంలో నిషేధించిన మాటను వీధి వీధినా ఉన్నదున్నట్టు చాటితేనే నిషేధం చెల్లుతుంది. డప్పువాడు ఊరంతా తిరిగాడు. "గవరమ్మ చిమ్మిలి తింటే చేతికంటిన నూనె కడుక్కోబుద్ధి కాదని ఎవరూ అనరాదహో!"

"ఎవరా గవరమ్మ?" అన్నారు జనం. గానుగ చాటుకి పదిమంది వచ్చారు. ఆ పదిమందీ తలో మాటా అన్నారు. కూర్మయ్య అన్నీ చెవిన వేసుకున్నాడు.

రెండో రోజు దండోరా: "పళ్ళు లేని తాతగారు కూడా రెండు తిన్నారని అనరాదహో!" మూడో రోజు: "అత్తకి తెలియకుండా కోడలు, కోడలికి తెలియకుండా అత్త కొంగున కట్టుకుపోతున్నారని అనరాదహో!" ఊరు ఊరంతా పొద్దున్నే అరుగులెక్కి, ఇవాళ ఏం అనకూడదో అని ఎదురుచూడడం మొదలెట్టింది.

ఎనిమిదో రోజు పెద్ద వాన. కొత్త మాట దొరకలేదు. "ప్రభూ, కొత్త నేరం లేదు. ఆ సంగతీ చాటించకపోతే తమరు నిషేధం మరిచిపోయారనుకుంటారు" అన్నాడు కూర్మయ్య. "గవరమ్మ చిమ్మిలి మీద ఇవాళ నిషేధమేదీ లేదహో!" అంటూ తడుస్తూనే తిరిగాడు డప్పువాడు. ఏమైందో ఏమిటోనని గొడుగులేసుకుని మరీ వచ్చారు జనం. మర్నాడు ఆ లోటు తీరేలా ఒకటికి రెండు నిషేధాలు చాటారు. ఏం బుర్రండీ కూర్మయ్యది!

పున్నమి వచ్చింది. పదిహేనో నిషేధమూ చాటారు. పొద్దు వాలే వేళకి రాజుగారు స్వయంగా గానుగ చాటుకి వచ్చారు. బుట్ట బోర్లించి ఉంది.

"ఎవరు పొగిడారు?" గద్దించారు.

"ఎవరూ పొగడలేదు ప్రభూ. తమరి డప్పు ఒక్కటే మోగింది" అన్నాడు బుట్ట పక్కనే ఉన్న కూర్మయ్య.

రాజుగారి ముఖం ఎర్రబడింది. "ఏదీ, ఆ చిమ్మిలి తెండి. ఇంత గోలకి తగిందో కాదో చూస్తాం!" అన్నారాయన. బుట్టలో ఒక్క ఉండా లేదు. గవరమ్మ రోటి అంచున అంటుకున్నది గీకి, చిన్న ఉండ కట్టి, ఆకులో పెట్టి ఇచ్చింది.

రాజుగారు నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూతపడ్డాయి. కాసేపటికి అరచెయ్యి చూసుకున్నారు. "ఈ నూనె..."

"ప్రభూ, అనకండి! మొదటి రోజే నిషేధించారు."

"పళ్ళు లేనివాడు కూడా..."

"అది రెండోనాడు ప్రభూ."

ఏ మాట ఎత్తినా కూర్మయ్య అడ్డం. రాజుగారు నోరు తెరిచి, మూసి, చివరికి నీరసంగా అడిగారు. "మా బిరుదులు ఏళ్ళ తరబడి చదివిస్తున్నాం. ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు. దీని మాటలు ఊరంతా కంఠస్థం చేసింది. ఎందుచేత?"

"తమరి బిరుదులు తమరు చెప్పుకున్నవి ప్రభూ. ఇవి తిన్నవాళ్ళు అన్నవి."

రాజుగారు అరచెయ్యి మరోసారి చూసుకుని, మీసానికి అంటిన నువ్వులు రాలేలా పకపకా నవ్వారు. చేతి కడియం తీసి కూర్మయ్యకి తొడిగారు. "గవరమ్మా, నీకు కోట గుమ్మం ఎదుట శాశ్వతంగా చోటిస్తున్నాం!"

"ఈ చోటే శాశ్వతంగా ఇప్పించండి మారాజా. జనానికి దారి అలవాటైంది" అంది గవరమ్మ. అలాగే ఇచ్చారు.

మర్నాడు మళ్ళీ దండోరా మోగింది. "గవరమ్మ చిమ్మిలిని ఇకమీదట ఎవరైనా, ఎంతైనా పొగడవచ్చునహో!"

కానీ పొగడ్డానికి గానుగ చాటున ఒక్కరికీ నోరు ఖాళీగా లేదు.